మావాడికి రాదు

“ఛీ! ఆ సంచీ మీద ఏదైనా గుడ్డ కప్పండమ్మా, చూడలేకపోతున్నాను” అంది అత్తగారు నర్సుతో, మొహం గోడవైపు తిప్పుకుని.

ఆ సంచీలో నిండుతున్నది కోడలి రక్తం. కొడవలిలా వంకరపోయిన ఎర్ర కణాల్ని యంత్రం వేరుచేసి అందులోకి తోస్తోంది. దాతలిచ్చిన మంచి కణాల్ని రెండో చేతికి ఎక్కిస్తోంది. కోడలికి ఐదో నెల. వంకర కణాలు ఇరుక్కున్నచోట ప్లేట్‌లెట్లు కూడా రెచ్చిపోయి గడ్డలు కడుతున్నాయనీ, రక్తం మార్చకపోతే తల్లికీ బిడ్డకీ ముప్పేననీ డాక్టరమ్మ చెప్పింది.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. రెండు చేతులకూ సూదులున్నాయి గానీ, లేకపోతే లేచి వెళ్ళిపోయేదే. ఈవిడతో వేగడం కంటే ఆ నొప్పులే నయం. జబ్బు సంగతి తెలిసీ పెళ్ళికి ఒప్పుకుంటే ఎంత మంచి మనిషో అనుకుంది. జీవితాంతం సాధించడానికి ఒకత్తె కావాలి గనకే ఒప్పుకుందని ఇప్పుడు అర్థమవుతోంది.

“నీళ్ళు తాగావా? దుప్పటి సరిగ్గా కప్పుకో. పెదాలు తిమ్మిరెక్కుతుంటే సిస్టర్‌కి చెప్పు, ఊరుకోకు.”

అబ్బ, అన్నీ తెలిసినట్టు! మండుటెండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుని, ఎవరి గాలి సోకుతుందో అన్నట్టు ముడుచుకు కూర్చునే ఆ తీరు చూస్తేనే కోడలికి వెగటు.

ఇంతలో డాక్టరమ్మ వచ్చింది. “మీవారి రక్తపరీక్ష ఫలితం ఇంకాసేపట్లో వచ్చేస్తుంది. తల్లికి ఈ జబ్బుంటే ఆ లోపం ఒక పాలు పిల్లలందరికీ వచ్చి తీరుతుంది, అందులో తేడా లేదు. తండ్రి వైపు నుంచి కూడా వస్తేనే బిడ్డకి జబ్బు.”

“ఆ పరీక్ష వద్దని మొత్తుకున్నాను, వింటేగా! మావాడికి రాదు” అంది అత్తగారు.

“మీరెలా చెప్పగలరండీ? పోనీ, మీరూ ఒకసారి చేయించుకోండి.”

“నాకెందుకు? నా ఒంటికి సూది తగలనివ్వను!” అని కొంగు భుజాల చుట్టూ బిగించుకుంది.

కోడలికి అసహ్యం వేసింది. పుట్టబోయే బిడ్డ ఏమైనా ఫరవాలేదు, వంశం పరువు మాత్రం చెక్కుచెదరకూడదు. ఏం మనిషి!

తలుపు తోసుకుని భర్త పరుగున వచ్చాడు. “నాకు లేదు! ఆ లోపం నాకు బొత్తిగా లేదట! మన బిడ్డకి జబ్బు రాదు!”

కోడలికి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ గుండెల మీదున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

“నేను చెప్పలా?” అంది అత్తగారు. “పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నువ్వు. వెళ్ళి ఏదైనా తినిరా, నాన్నా” అని కొడుకుని బయటికి పంపేసింది.

అంత సంతోషంలోనూ కోడలు ఉండబట్టలేకపోయింది. “గెలిచారుగా అత్తయ్యా! మీ రక్తం బంగారం. రోత రక్తం నా ఒక్కదానిదే. ఇక తనివితీరా చీదరించుకోండి.”

అత్తగారు లేచి, కొడుకు దూరం వెళ్ళాడని చూసుకుని తలుపు మూసింది. వచ్చి కోడలి పాదాల మీద దుప్పటి సర్దింది.

“వాడికి మాత్రం ఎప్పటికీ చెప్పకు, అమ్మాయీ” అంది.

“నాదీ ఈ జబ్బే, వాణ్ణి నేను కనలేదు.”