పద్నాలుగు కోర్లు

"స్పెసిఫికేషన్లు అట్లా అప్పజెప్తే గిరాకీ లేచిపోతాడమ్మా! ఈడికొచ్చేది టమోటా రైతులు" అని కసిరాడు వరదరాజులు. మదనపల్లె బస్టాండు దగ్గర ల్యాప్‌టాప్‌ల దుకాణం ఆయనది. ఉద్యోగం అడగడానికొచ్చిన హరిత ముందు రెండు ల్యాప్‌టాప్‌లు తెరిచిపెట్టాడు. "ఇప్పుడు ఎవరొస్తే వాళ్లకి ఈ రెండు ప్రాసెసర్ల తేడా తెలిసేట్టు చెప్పు. చెప్తే ఉద్యోగం నీది. లేదంటే కుప్పం బస్సెక్కు."

హరిత రేపు హాస్టల్ ఖాళీ చెయ్యాలి. ఈ ఊళ్లో ఆమె ఎక్కని దుకాణం మెట్టు లేదు మరి.

అంతలో తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన ఒకడు గడప దగ్గర చెప్పులు విప్పాడు.

"అప్పా!" హరిత గబుక్కున లేచి నిలబడింది.

వరదరాజులు అప్పటికే స్టూలు జరిపాడు. "రాప్పా, కూసో. యాడి నుంచి?"

"పుంగనూరు మీంద బస్సులో వస్తాండా సామీ."

"ల్యాప్‌టాప్ కొడుక్కా, కూతురికా?"

పెద్దాయన హరిత వంక చూశాడు. "కూతురి కోసరమే వచ్చినా."

"మంచిది. ఈ పాప చెప్తాది, విను."

హరిత ఒక ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. "దీంట్లో ఎనిమిది కోర్లు ఉండాయప్పా. దాంట్లో పద్నాలుగు."

"కోరా? ఒకరి భూమి చేసి పంటలో పాలు తీసుకుంటారే, ఆ కోరా?"

వరదరాజులు తల పట్టుకున్నాడు. హరిత మాత్రం ఆ మాటనే అందుకుంది.

"అట్లే అనుకో అప్పా. ఈడ ప్రాసెసరనే ఒక బిళ్లలో ఎనిమిది మంది కోరుకు చేస్తాండారు. అందరూ సమానమైన బలం. ఆడ పద్నాలుగు మంది. బరువు పని ఆరుగురిది. మిగిలినోళ్లు చిన్నాచితకా పనులకు. వాళ్లు తినేది తక్కువ, అందుకే బ్యాటరీ ఎక్కువసేపు వస్తాది."

"బిళ్ల ఎంతుంటాది?"

"నీ బొటనవేలి గోరంత."

పెద్దాయన తన గోరు చూసుకున్నాడు. "దీని మీంద పద్నాలుగు మందా! పని బిరీన చేస్తారా?"

"నువ్వు కన్ను మూసి తెరిసేలోగా ఒక్కొక్క బలమైనోడు వంద కోట్ల సార్లు పారెత్తి దించుతాడు."

పెద్దాయన కన్ను మూసి తెరిచాడు. నిజంగానే మూసి తెరిచాడు.

"అయిపాయనా?"

"అయిపాయ."

"దేవుడా!" అన్నాడాయన చేతులు జోడించి. వరదరాజులుకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లుగా పప్పుబెల్లాల్లా అమ్ముతున్న పెట్టెల్ని ఆయన ఆ రోజే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అంత పని చేస్తే సోలిపోరా అమ్మా?"

"వేడెక్కితే వాళ్లే నిదానిస్తారు. లోపల ఫ్యాను తిరగతాది."

"మరి ఏది మేలు?"

"చదువుకూ లెక్కలకూ ఎనిమిదే చాలు. సినిమాలు కత్తిరించేవాళ్లకైతే పద్నాలుగు. చేసే పనికి మించి మనుషుల్ని పెట్టుకుని ఏం లాభమప్పా?"

పెద్దాయన కళ్లు చెమర్చాయి. "ఇవన్నీ నీకు తెలుసామ్మా!" అన్నాడు. వరదరాజులు తెప్పించిన టీ తాగి, మళ్లీ వస్తానని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"కొనకపోతే పోనీలేమ్మా" అన్నాడు వరదరాజులు, ఇంకా ఆ మైకంలోనే ఉండి. "ఉద్యోగం నీదే. కోరు మాట ఒక ఎత్తు, నీ పిలుపు ఒక ఎత్తు. నేనూ రోజంతా అప్పా అప్పా అంటానే, అంత ప్రేమ యాడొస్తాది? ఇంకమీదట ఎవరొచ్చినా అట్లే పిలువు."

హరిత తల వంచుకుంది.

"అందర్నీ అట్లా ఎట్లా పిలిచేది సార్? మా కుప్పం పక్క అప్పా అంటే నాయన."