చల్లారని ఇంజను

బానెట్ మీద చెయ్యి పెట్టగానే మేస్త్రికి ఒళ్ళు మండింది. ఇంజను ఇవాళ కూడా వెచ్చగానే ఉంది.

కారు టీచరమ్మది. పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ కాదు. స్టార్టయినా చలిజ్వరం వచ్చిన మనిషిలా వణుకుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఆరిపోతుంది. కాస్త వేడెక్కిందంటే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఇలాంటి రోగం వేడి ఇంజనులో దొరకదు. రాత్రంతా చల్లారిన బండిని పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే వినాలి. అందుకే షెడ్డులో మేస్త్రి పెట్టిన నియమం ఒకటుంది. తను వచ్చేదాకా మేకుకున్న కారు తాళాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

అతన్ని అందరూ చెవుల మేస్త్రి అంటారు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడని పేరు. ఆ పేరుకే ఇప్పుడు ముప్పొచ్చింది. ప్లగ్గులు మార్చాడు. ఎక్కడైనా గాలి లీకవుతోందేమోనని పైపులన్నీ తడిమాడు. వచ్చేసరికే ఇంజను వేడిగా ఉంటే ఎంత గొప్ప చెవులైనా ఏం చేస్తాయి?

"ఇవాళ కూడా తేలకపోతే మెయిన్ రోడ్డు షెడ్డుకి తీసుకెళ్తానండీ. వాళ్ళ దగ్గర కంప్యూటరుంది," అని టీచరమ్మ నిన్ననే చెప్పేసింది. మర్యాదగానే చెప్పింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంట్లోనూ చిరాకే. బయల్దేరబోతే చెప్పులు తడిగా తగిలాయి. వాకిలి కడిగేటప్పుడు పక్కకి తియ్యొద్దా అని భార్యను కసిరాడు. "ఈ పూటకి ఇంట్లోనే ఉండండి," అందామె నీరసంగా. షెడ్డు బాధలు ఆవిడకేం తెలుసు?

వాచ్‌మన్‌ని కేకేశాడు. రాత్రిపూట షెడ్డులో ఉండేది వాడొక్కడే.

"చలికి కార్లో దూరి హీటరు వేసుకుంటున్నావా?"

"లేదండీ."

"మరి ఇంజనుకి దానంతటదే ఒళ్ళు కాలిందా?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు. గొంతు సవరించుకుని, "ఆ టెంపరేచర్ సెన్సారేమో ఒకసారి చూడండి మేస్త్రిగారూ," అని గొణిగాడు.

మేస్త్రికి కోపం నషాళానికంటింది. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు, గేటు కాసేవాడు తనకు పాఠం చెప్పడమా! ప్లగ్గుకీ బల్బుకీ తేడా తెలియని మనిషి. నేరం బయటపడేసరికి మాట మారుస్తున్నాడు, అంతే.

"నా ఉప్పు తిని నా పేరుకే ఎసరు పెడతావా? తాళాలక్కడ పెట్టి పో. మళ్ళీ ఈ గేటు దగ్గర కనబడకు."

వాచ్‌మన్ గేటు తాళాలు బల్ల మీద పెట్టాడు. దుప్పటి చంకలో పెట్టుకున్నాడు. గేటు దాకా వెళ్ళి ఆగాడు. ఇంటి దగ్గర పిల్లలు గుర్తొచ్చారో ఏమో, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేస్త్రి చూసి కూడా చూడనట్టు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. దొంగ ఏడుపులకు కరిగే మనిషి కాదు తను.

"చెప్పొద్దని మీ ఇంట్లో అమ్మగారు ఒట్టేయించుకున్నారు గానీ మేస్త్రిగారూ, రోజూ చీకటుండగానే మీరే వచ్చి బండి స్టార్ట్ చేస్తున్నారు, రోగం దొరికింది, సెన్సారేనని నాతో సంబరంగా చెప్పి ఇంటికెళ్తున్నారు, తెల్లారాక మళ్ళీ ఇప్పుడే మొదటిసారి వస్తున్నట్టు వస్తున్నారు."