అబద్ధాల ముల్లు

భీమడోలు దాటి రెండు మైళ్లు పోయాక ముల్లు మళ్లీ లేచింది.

ఎజ్రా బస్సు వేగం తగ్గించాడు. స్టీరింగు వెనక, గుండ్రటి అద్దం కింద ఉన్న ఆ చిన్న ముల్లు ఇంజను వేడి చూపుతుంది. మధ్యలో ఉండాల్సింది ఒక్క ఉదుటున చివరి గీతకు పోయి కూర్చుంది.

ఆపితే ఆలస్యం. ఆపకపోతే ఇంజను కాలిపోతుందేమోనని భయం.

అది 1939 ఎండాకాలం. ఆ పాత బస్సు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలోకి వచ్చి నెలైంది. ఎజ్రా దాని మీద డ్రైవరుగా చేరిందీ అప్పుడే.

"ఇంకొక్క రోజు ఆలస్యమైందంటే మర్నాడు రానక్కర్లేదు" అని యజమాని జగన్మోహనరావుగారు ఆ పొద్దున్నే చెప్పేశారు. ఇంట్లో భార్య లిడియాకు నెలలు నిండుతున్నాయి.

బస్సు ఆపాడు.

"మళ్లీనా! ఏమయ్యా డ్రైవరూ, ఈ ఎండకి నా చేపలు గూడెం చేరేసరికి కుక్కలైనా ముడతాయా?" కొల్లేటి చేపల గంప పట్టుకుని అరిచింది వరమ్మ.

ఎజ్రా దూకి రేడియేటరు తడిమాడు. వెచ్చగా ఉంది, అంతే. ఆవిరి లేదు. నీళ్లు నిండుగానే ఉన్నాయి.

"ఏవండీ, ఒక్క మాట."

వెనకే ఒక ప్రయాణికుడు దిగి నిలబడ్డాడు. ఏలూరులో గూడేనికి టిక్కెట్టు తీసుకుని ఎక్కిన మనిషి. నలభై ఏళ్లుంటాయి. వెలిసిపోయిన చొక్కా.

"ముల్లు గతుకుల్లోనే లేస్తోంది కదండీ?"

"అయితే?"

"పొద్దున్నే ఇంజను చల్లగా ఉండగా, తాళం తిప్పకముందు ముల్లు ఎక్కడుంటుందండీ?"

ఎజ్రా ఆలోచించాడు. "ఆ చివరే ఉంటుంది."

"రాత్రంతా ఆగున్న బండికి అంత వేడి ఎక్కడిదండీ? కరెంటు అందకపోతే ఆ ముల్లు అటే పోతుంది. ఇంజను వేడెక్కడం లేదు. ఎక్కడో తీగ తెగి, గతుక్కి విడిపోతోంది, మళ్లీ అంటుకుంటోంది."

"తీగలన్నీ రెండుసార్లు చూశాను. ఎక్కడా తెగలేదు. ఎక్కి కూర్చోండి."

"ఒక్కసారి నన్ను..."

"కూర్చోమన్నానా!"

వరమ్మ ఇంకా అరుస్తూనే ఉంది. బస్సులో అందరూ తలో మాటా అంటున్నారు. వాళ్లకి సర్దిచెప్పి ఇంజను దగ్గరికి తిరిగొచ్చేసరికి ఎజ్రాకు ఒళ్లు మండిపోయింది. ఇంజను మూత లేచి ఉంది. ఆ మనిషి లోపలికి వంగి, చిన్న చాకును తీగకు ఆనించాడు.

"ఎవడివిరా నువ్వు? నా పొట్ట కొట్టడానికొచ్చావా!"

చొక్కా పట్టుకుని లాగాడు. భుజం దగ్గర పర్రున చిరిగింది.

ఆ మనిషి తూలాడు కానీ తీగ వదల్లేదు. కోపమూ పడలేదు.

"ఇటు చూడండి."

ఇంజనుకీ డ్రైవరు సీటుకీ మధ్యనున్న రేకు గోడ కన్నంలోంచి తీగ దూరే చోటది. తీగ పైన అల్లిన దారం తొడుగు చెక్కుచెదరలేదు. దాన్ని ఒలిచి చూపించాడు. లోపల రాగి రెండు ముక్కలైంది.

ఎజ్రా వంగి ఆ కొసల్ని తాకి చూశాడు.

ఆ మనిషి రెండు కొసలూ బిగించి మెలిపెట్టాడు. చిరిగిన చొక్కాలోంచే ఒక పేలిక చింపి, దాని చుట్టూ గట్టిగా చుట్టాడు.

"ఇప్పుడు తిప్పండి."

ఇంజను అందుకుంది. ముల్లు మెల్లగా దిగి మధ్యకొచ్చి ఆగింది. ఎజ్రా చెయ్యి పెట్టి తీగ ఊపి చూశాడు. ముల్లు కదల్లేదు.

క్షమించమని అడగాలనుకున్నాడు. కానీ నోటికి వచ్చింది వేరు.

"ఎక్కండి, ఆలస్యమైంది."

"మీరు వెళ్లండి. నేను దెందులూరు పోవాలి."

"అది వెనకెక్కడో కదా? గూడేనికి టిక్కెట్టు తీసుకున్నారుగా!"

"వచ్చిన పని అయిపోయిందండీ. ఆ చుట్టిన చోటు అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండండి."

ఎండలో, చిరిగిన భుజంతో, వచ్చిన దారినే నడిచిపోయాడు.

గూడెం దాకా ముల్లు నిలకడగానే ఉంది. ఎజ్రా మనసే నిలవలేదు. చొక్కా చిరిగిన చప్పుడు చెవుల్లోంచి పోలేదు. తిరుగు ప్రయాణంలో దెందులూరు దగ్గర బస్సు నెమ్మది చేసి రోడ్డుకి రెండు పక్కలా వెతికాడు. కనిపించలేదు. కనీసం పేరైనా అడగలేదు.

ఏలూరు చేరగానే జగన్మోహనరావుగారు ఎదురొచ్చారు.

"ఏం ఎజ్రా, ఇవాళా ఆపావట?"

"ఆపానండీ. ఇంక ఆపక్కర్లేదండీ. తప్పు ఇంజనుది కాదు, తీగది. ఎవరో ప్రయాణికుడు పట్టుకున్నాడండీ. బాగుచేసి, ఎక్కమన్నా ఎక్కకుండా దెందులూరు వైపు నడిచిపోయాడు."

జగన్మోహనరావుగారు కళ్లజోడు తీశారు.

"ఆ మనిషే పొద్దున్న మా అరుగు మీదకొచ్చాడు. 'నెల రోజులు ఆలోచిస్తే తెలిసింది, తప్పు తీగలో ఉందండీ, పది నిమిషాలు బండి చూపించండి' అన్నాడు. వినలేదు. బయటికి పంపించేశాను."

"ఎవరండీ ఆయన?"

"ప్రసాదరావని, ఈ బండి కైకలూరు దారిలో తిరిగినన్నాళ్లూ దీని డ్రైవరు. వేడెక్కిందని అబద్ధాలాడి బండి ఆపుతున్నాడని అతన్ని తీసేసే, ఆ ఉద్యోగం నీకిచ్చాను."