బోర్లా పరిచిన ఫ్లెక్సీ

నా క్రికెట్ జీవితం మొత్తం ఆరు బంతులు. టీవీలో చూపించే పెద్ద లీగులో ఒక్క ఓవరు వేసి ముప్పై రెండు పరుగులిచ్చాను. ఆ తర్వాత కెప్టెన్ నా వైపు చూడలేదు. ఫీల్డింగ్‌కి కూడా ప్రకటనల బోర్డు పక్కన నిలబెట్టాడు.

ఆ మ్యాచ్‌కి ముందు రోజు మా ఊరు కోటబొమ్మాళిలో కట్టిన ఫ్లెక్సీ మాత్రం తొమ్మిదేళ్లుగా ఆడుతూనే ఉంది. 'మన స్పీడు బౌలర్ దేవేంద్ర' అన్న అక్షరాల కింద, బంతి పట్టుకుని చెయ్యెత్తిన నా నిలువెత్తు బొమ్మ. ఇప్పుడది మా కళ్లంలో ధాన్యం రాశి మీద కప్పే బరకం. బ్యాటర్లను నేను ఆపలేకపోయాను గానీ, వానను అది బాగానే ఆపుతోంది.

ఇవాళ మధ్యాహ్నం మబ్బు పట్టింది. నేనూ నా భార్య నీలవేణీ ఫ్లెక్సీని చెరోవైపు పట్టుకుని రాశి మీదికి లాగాం. ఎప్పటిలాగే ఆమె నా బొమ్మను కిందికి తిప్పింది. దారిన పోయేవాళ్ల కంట పడకుండా దాస్తోందని నాకు తెలుసు. అందుకే ఇన్నేళ్లూ అడగలేదు. ఇవాళ ఉండబట్టలేకపోయాను.

"తొమ్మిదేళ్ల బట్టి నా మొకం వడ్లే సూస్తన్నాయి గదే. ఓపాలి పైకి తిప్పు. నవ్వేవోళ్లు నవ్వుకుంటారు."

"నవ్వేవోళ్లతో నాకేటి మావా," అంది నీలవేణి, అంచు మీద రాయి పెడుతూ. "పైకెడితే ఎండకి రంగు ఎలిసిపోతాది."

నా వైపు కొస ఎత్తి చూశాను. పైనున్న వైపంతా ఎండకి పెళుసెక్కింది. లోపల, వడ్ల దుమ్ములో, నేనింకా మొదటి బంతి వేయబోతూనే ఉన్నాను.