పాడైన ముద్ర

నాలుగో ముద్ర కూడా పాడైంది.

సాయిదుర్గ రాయి మీంచి కాగితం లేపి చూసి, అక్కడే నేల మీద కూలబడింది.

తను గీసింది దండెం మీద బట్టలు, వాటికి పట్టిన పోర్టు దుమ్ము. అంతే. కానీ ఆ బట్టల మధ్యలోంచి ఎవరో ఆడమనిషి ముఖం లేచి చూస్తోంది.

రాతి ముద్రణతో వచ్చే తంటా ఇదే. రాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీసి, కాగితం మీదికి ముద్ర తీస్తారు. పనయ్యాక రాయిని గరుకు పొడితో అరగదీసి ఇంకొకరికి ఇస్తారు. సరిగ్గా అరగకపోతే పాత బొమ్మ కొత్త బొమ్మలోకి లేస్తుంది.

ఆర్ట్ కాలేజీలో సబ్మిషన్ ఎల్లుండి. పెయింటింగు అయిపోయింది. కాగితం ముక్కలు అతికి చేసే కొలాజ్ సగంలో ఉంది. ఈ ముద్ర ఒక్కటే దారికి రావడం లేదు. పోయినేడు ఇదే పేపరు తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ముద్రణ నేర్పే శ్రీరామ్మూర్తి మాస్టారు ఊళ్లో లేరు. ఎవరూ వాడని ఈ రాయి తప్ప మిగతా రాళ్లన్నీ ఎవరికి వాళ్లు పట్టేసుకున్నారు.

"ఏటమ్మా, ఏడుత్తన్నావు?"

గుమ్మంలో ఓ ముసలాయన. చంకలో గుడ్డసంచి. సాయిదుర్గ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఎవరు తాతా? ఏటి కావాల?"

"నా పేరు అప్పలసూరి. ఇక్కడ అటెండరుగా సేసీవోడిని. రిటైరై నాలుగేళ్లయింది."

"మాస్టారు ఎల్లుండి వస్తారు. అప్పుడు రా."

ఆయన కదల్లేదు. నేల మీదున్న కాగితాల వంకే చూస్తున్నాడు.

"ఆ కాగితం ఒకటి నాకిత్తావా?"

"ఇదా? పాడైపోయింది."

"పాడైందే ఇయ్యి తల్లీ."

సాయిదుర్గకు ఒళ్లు మండింది. పాడైన ముద్ర గది దాటకూడదు. చేరిన మొదటి రోజే మాస్టారు నేర్పిన పాఠం అది. చెడిన పని బయటికి పోతే పరువు కూడా దాని వెంటే పోతుందంటారాయన.

"మంచిది వస్తే ఇస్తానులే. ఇది మాత్రం కుదరదు."

నాలుగు కాగితాలూ కలిపి పరపరా చింపేసింది. ఆ కసిలోనే ముక్కలకు జిగురు రాసి కొలాజ్ అడుగున అతికించింది. పైన మల్కాపురం ఫ్యాక్టరీల పొగ కోసం కలిపి ఉంచిన నల్లరంగు దట్టంగా పూసేసింది.

"అమ్మా..." అని చెయ్యి చాపిన ముసలాయన మధ్యలోనే ఆపేశాడు.

"ఎవడో చేతగానోడు అరగదీశాడు తాతా ఈ రాయి. వాడి మూలంగా నా చదువు బుగ్గయిపోతంది!"

"ఔనమ్మా," అన్నాడాయన. "సేతగానోడే."

రాయి దగ్గరికొచ్చి మళ్లీ అడిగాడు. "ఇది సుబ్బరంగా అరిగితే నువ్వు పాసైపోతావా?"

"అవుతాను. కానీ ఎవరు అరగదీస్తారు? పొద్దున్నించీ ముద్రలు తీసి నా చేతులు పడిపోయాయి."

"నాను తీత్తాను. నీలట్టుకురా."

నీళ్లు పోయగానే తడి రాయి మీద ఆ ముఖం ఇంకా బాగా కనిపించింది. పెద్ద బొట్టు, రెండు వైపులా ముక్కుపుడకలు. ముసలాయన దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు.

"తొందరగా తాతా. సాయంత్రానికల్లా మళ్లీ గీసుకోవాలి."

"అలాగేనమ్మా."

పొడి చల్లి, పైన ఇంకో రాయి పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. చూస్తున్న సాయిదుర్గకే జాలేసింది.

"చాలేమో తాతా."

"ఇంకా కళ్లు పోలేదమ్మా."

మూడో గంటకి రాయి కొత్త పలకలా తేలింది. ఆయన చేతులు కడుక్కుని సంచి తీసుకున్నాడు. టీ తాగమన్నా ఆగలేదు.

"ఎల్లుండి రా తాతా. మంచి ముద్ర ఇస్తానన్నాను కదా."

"వద్దులేమ్మా. నువ్వు పాసవ్వు, సాలు."

ఆ సాయంత్రమే సాయిదుర్గ మళ్లీ గీసింది. మర్నాడు ముద్ర తీస్తే బట్టలు తప్ప ఇంకేమీ లేవలేదు. ఆ ఆనందంలో ముసలాయన ఉండే చోటు అడగలేదని కూడా ఆమెకు గుర్తు రాలేదు.

సబ్మిషన్ రోజు మాస్టారు ఆ ముద్రను వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు.

"బాగుంది. పాసైనట్టే. రాయి ఇంత శుభ్రంగా ఎవరు తీశారు?"

"అప్పలసూరి తాత సార్."

"ఏ రాయి?"

"కిటికీ పక్కది. దాంట్లో ఎవరిదో ముఖం లేస్తోందని..."

మాస్టారు కళ్లజోడు తీసేశారు.

"అరగదీసేశాడా? మిగతా రాళ్లన్నీ బ్రహ్మాండంగా తీసేవాడు. అదొక్కటి మాత్రం ఎన్నిసార్లు తిట్టినా పైపైన తీసి వదిలేసేవాడు. నిన్నేమీ అడగలేదా?"

"పాడైన ముద్ర ఒకటి ఇమ్మన్నాడు." సాయిదుర్గ కొలాజ్ వైపు చూసింది. "మీరే చెప్పారు కదా సార్, గది దాటకూడదని. చింపేశాను."

మాస్టారు ముద్రను బల్ల మీద పెట్టేశారు.

"ఎవరు సార్ ఆవిడ?"

"మహాలక్ష్మమ్మ. మన పిల్లలు బొమ్మ గీసుకోవడానికి మోడల్‌గా కూర్చునేది. పోయిన నెల కాలం చేసింది."

"ఆయనకేమవుతుంది?"

"భార్య. ఫోటోలన్నీ హుద్‌హుద్ తుపానులో ఇంటితోపాటే పోయాయి, ఆధార్ కార్డులోది పెద్దది చేయిస్తే ఆవిడ పోలికే రాలేదు అని మొన్న ఫోన్లో ఏడిస్తే, ఆ రాయి మీంచి ఒక్క ముద్ర తీయించుకుని గోడకి పెట్టుకోమని నేనే పంపానమ్మా."