అంతోనివారి కుడిపాదం

దుప్పట్లో ఏదో చుట్టి భుజాన వేసుకుని ఉపదేశి ఇన్నయ్య ఆదరాబాదరాగా వస్తుంటే, జబ్బుపడిన పిల్లవాణ్ణి తెస్తున్నాడనుకుని చాంద్ బాషా వీధిలోకే ఎదురెళ్ళాడు. ఇక్కడికెందుకు, ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఇన్నయ్య అరుగు మీద దుప్పటి విప్పాడు. లోపల పునీత అంతోనివారి స్వరూపం. గోధుమరంగు అంగీ, చేతిలో బాలయేసు, అన్నీ బాగానే ఉన్నాయి. కుడిపాదం మాత్రం లేదు.

"దులుపుతుంటే జారిపోనాది భాయ్. పాదం పిండయిపోయింది. రేపే పండగ."

అనకాపల్లిలోని చిన్న కతోలిక గుడికి ఇన్నయ్యే దిక్కు. స్వాములవారు విశాఖపట్నం నుంచి ఎప్పుడో గాని రారు. ఏటా జూన్‌లో అంతోనివారి పండుగనాడు జనం వచ్చి స్వరూపం పాదానికి ముద్దు పెట్టుకుని వెళ్ళడం ఆచారం. ఆ జనం ఏటికేడాది పలచబడుతున్నారు. ఈసారీ ఇంతే అయితే స్వరూపాన్ని విశాఖపట్నానికీ, ఇన్నయ్యను పాడేరు కొండలకూ పంపేస్తామని స్వాములవారు ముందే చెప్పారు. ఆయన సీమదేశపు మనిషి, తెలుగంతా పుస్తకాల్లోనే నేర్చుకున్నారు. "భక్తి లేని చోట పునీతునికి ఏమి పని? కొనిపోవుదము" అన్నారు. కొండ జ్వరం పేరెత్తితేనే వణికే భార్య దేముడమ్మ అప్పటినుంచి సరిగా అన్నం తినడం లేదు. ఇక పాదం కూడా లేదంటే ఇన్నయ్య మూట సర్దుకోవలసిందే.

చాంద్ బాషా ఒకప్పుడు తీర్థాలలో చిలకలూ గుర్రాలూ అచ్చుపోసి అమ్మేవాడు. యుద్ధం వచ్చి సరుకు రేషనయ్యాక అచ్చులన్నీ అటకెక్కించాడు. అతను స్వరూపం ఎడమపాదాన్ని కాసేపు తడిమి చూశాడు.

"ప్లాస్టరు దొరకదు. మనూళ్ళో దొరికేదాంతోటే సేత్తాను. దేంతో సేసేవని మాత్రం అడక్కు."

"రంగు కలవాల కదా?"

"ఇంకో రంగెయ్యక్కర్లేకుండా కలుత్తాది."

తెల్లవారేసరికి పాదం తయారైంది. ఏది పాతదో ఏది కొత్తదో ఇన్నయ్యే పోల్చుకోలేకపోయాడు. ఎండ తగలనివ్వద్దనీ, తడి తగలనివ్వద్దనీ, స్వరూపం పెట్టే బల్ల నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టమనీ బాషా ఒకటికి రెండుసార్లు చెప్పాడు. గిన్నెలు చల్లదనం కోసం కాబోలనుకుని, ఇన్నయ్య చెప్పింది చెప్పినట్టు చేశాడు.

స్వాములవారు వచ్చారు. పూజ మొదలయ్యేసరికి గుడిలో సగం బల్లలు ఖాళీ. ఆయన ప్రసంగంలో అంతోనివారి చరిత్ర చెప్పారు. మనుషులు చెవిన పెట్టకపోతే పునీతుడు సముద్రం ఒడ్డుకు వెళ్ళి బోధించారట, చేపలు నీళ్ళలోంచి తలలెత్తి విన్నాయట. ఆ మాట చెబుతూ ఖాళీ బల్లల వంక ఒకసారి చూశారు. ఇన్నయ్య తల దించుకున్నాడు.

పాదం ముద్దుకు అందరికన్నా ముందు పూలమ్మే బుల్లమ్మ వచ్చింది. ఏటా వచ్చి, పెదవి తగిలీ తగలకుండా ముద్దుపెట్టి బేరానికి పరిగెత్తే మనిషి. ఈసారి వంగినది ఓ పట్టాన లేవలేదు. లేచి, ఇన్నయ్య ముఖంలోకి వింతగా చూసి, మళ్ళీ వంగింది. తర్వాత గుమ్మంలో నిలబడి దారినపోయేవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

"ఎల్లి ముద్దెట్టుకోండి. మీకే తెలుత్తాది."

అంతే, జనం కదిలారు. బజారు బళ్ళవాళ్ళు వచ్చారు, మాడుగుల నుంచి పనిమీద వచ్చిన రైతులు వచ్చారు. పక్కసందు సకీనాబీ పిల్లలందరినీ వెంటబెట్టుకు వచ్చింది. ముద్దుపెట్టుకున్న పిల్లలు బుద్ధిగా వెళ్ళి వరుస చివర మళ్ళీ నిలబడుతున్నారు. ఏనాడూ గుడి మెట్లెక్కని ఎర్రయ్య కళ్ళు మూసుకుని తన్మయుడైపోయాడు. సముద్రంలో చేపలు కదిలినప్పుడు అనకాపల్లి మనుషులు కదలరా అనుకుని ఇన్నయ్య పొంగిపోయాడు.

ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. ప్రతి ముద్దుకూ తెల్లగుడ్డతో పాదం తుడవడం అతని పని. చూస్తే గుడ్డ గోధుమరంగుకు తిరిగింది. బాషా రంగు వెలిసిపోతోందన్నమాట. గుడ్డను మడతపెట్టి లోపలివైపు పైకి తిప్పాడు, అదీ మరకైంది. మధ్యాహ్నానికి బొటనవేలి గోరు కనబడడం మానేసింది, సాయంత్రానికి వేలే సన్నబడింది. ఈ ఒక్క పూట నిలబడు తండ్రీ అని అంతోనివారికి లోలోపల దండాలు పెట్టుకుంటూ, స్వరూపాన్ని కాస్త చీకటివైపు తిప్పాడు.

అందరూ అయ్యాక స్వాములవారే లేచి వచ్చారు. ఇన్నయ్య పై ప్రాణాలు పైనే పోయాయి.

"తమరొద్దు సామీ, ఊరందరి ఎంగిలీని" అన్నాడు అడ్డం వస్తూ.

"నేనును ఈ ఊరివాడనే కదా" అని ఆయన వంగారు. చాలాసేపటికి గాని లేవలేదు. లేచి గడ్డం తుడుచుకున్నారు. ఆ చేయి ఒకసారి చూసుకున్నారు. పాదాన్నీ, బల్ల కింద నీళ్ళ గిన్నెలనూ, ఇన్నయ్య చేతిలోని గుడ్డనూ వరుసగా చూశారు. ఇన్నయ్యకు పాడేరు కొండలు కళ్ళముందు కనబడ్డాయి.

"స్వరూపము ఇచ్చటనే యుండును. నీవును ఇచ్చటనే యుందువు" అన్నారు స్వాములవారు.

ఇన్నయ్యకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వాకిట్లో దేముడమ్మ ఆ మాట విని అక్కడే మోకరించింది. స్టేషనుకు వెళ్ళే జట్కా వచ్చింది. ఇన్నయ్య స్వాములవారి సంచి అందించాడు. బండి కదలబోతుండగా ఆయన వేలితో దగ్గరకు రమ్మని, చెవిలో చెప్పారు.

"వచ్చే యేడు రెండవ పాదమును కూడా బెల్లముతోనే చేయించుము."