తోడేలు దాచుకున్న గీతలు

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఏడాదిపాటు కణుజు జింకల వేట మానుకున్నవాళ్లకి మద్దిచెట్టు మీద ఒక గీత గీస్తారు. గీతలు ఎక్కువున్నవాళ్లు కోరిన లోయలో వేటాడొచ్చు. ఒక్కసారి వెళ్తే గీతలన్నీ చెరిపేస్తారు.

ముసలి తోడేలు ఎలకలతో కడుపు నింపుకుంటూ బోలెడు గీతలు కూడబెట్టింది. ఏ లోయకు వెళ్లాలని నక్కను అడిగింది.

"ఉత్తరం లోయకు మాత్రం పోకు మామా. అక్కడ గడ్డి ఎండిపోయి కణుజులన్నీ తూర్పుకు పోయాయి," అంది నక్క.

'వీడికి నా మీద ఇంత ప్రేమేమిటి? ఉత్తరాన ఏదో దాచుకున్నాడు' అనుకుని తోడేలు ఉత్తరానికే పోయింది.

అక్కడ ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి చెట్టు మీద గీతలు లేవు.

"ముందే చెప్పాను కదా మామా," అంది నక్క.

తోడేలు దాన్ని ఎగాదిగా చూసింది.

"అది సరే. నిజం చెప్తే నీకేం ఒరిగిందిరా అల్లుడూ?"